ముందే ఇచ్చిన ఎలుకలు

మత్తు డాక్టరు మాన్విలో ఒక ఆపరేషన్ ముగించుకొని బయలుదేరాడట, రావడానికి గంట పడుతుందట, ఆయన వచ్చేలోపు ఇంటివాళ్లు ఒక మాట మీదికి రావాలట. ఇదంతా చెప్పి సర్జన్ లోపలికి వెళ్లిపోయాడు. స్ఫూర్తి తల ఊపింది. ఆయన వీపు కనిపించకుండా పోయాక ఇంకోసారి కూడా ఊపింది, ఎవరి కోసమో మరి. విషయం అర్థం కాక కాదు. అన్న ప్రహ్లాద్ కుడి కాలు మోకాలి కింద తీసెయ్యాలి. తీయకపోతే పుండులోంచి నెత్తురులోకి ఎక్కిన విషం రేపో ఎల్లుండో మనిషినే తీసుకుపోతుంది. తీస్తే బతుకుతాడని ఎవరూ పూచీ ఇవ్వరు గాని, బతకడానికి ఒక దారి ఉంటుంది. ఇదంతా ఆమెకు ఆ సర్జన్ కంటే ఎక్కువే తెలుసు. తెలిసింది తల దగ్గరే ఆగిపోయింది, గుండె దాకా దిగిరావడం లేదు. సర్జన్ చొక్కా జేబు మీద పప్పు మరక ఒకటి కనిపించింది. పాపం అన్నం మధ్యలో లేచి వచ్చినట్టున్నాడు, చేయి కడుక్కున్నాడో లేదో అనుకుంది. అన్న కాలు పోతుందంటే పప్పు మరక గురించి ఆలోచించే చెల్లెలు! ఏం మనిషినో నేను, అని కూడా అనుకుంది. అలా అనుకోవడంలోనూ ఏ బాధా లేదు.

పక్క కుర్చీలో వదిన శ్రీనిధి కూర్చుని ఉంది. ఆమె ఇందాకటి నుంచి స్ఫూర్తి మొహం వంక చూడడం లేదు, ఆడబిడ్డ ఒళ్లో ఉన్న సంచీ వంకే చూస్తోంది. సంచీలో చిన్న థర్మాస్, థర్మాస్‌లో ఐస్ ముక్కలు, ఐస్ మధ్యన చిటికెన వేలంత గొట్టం, గొట్టం అడుగున నీళ్లలాంటి మందు. మందు అని వదిన అంటుంది. హైదరాబాద్‌లో స్ఫూర్తి పనిచేసే ల్యాబ్‌లో దాన్ని ఎవరూ మందు అనరు. నిన్న సాయంత్రం వదిన ఫోన్ చేసి, "మీ అన్నకు జరం దిగుతలేదు, కాలు నల్లగైంది, నువ్వు జల్దీ రా, నీ పురుగుల మందు తీస్కొని రా" అంది. స్ఫూర్తి సరేనంది. వద్దు అది పనికిరాదు అనాలి కదా? అనలేదు. ఫ్రీజర్ తలుపు తెరిచింది, గొట్టం తీసింది, క్యాంటీన్‌లో ఐస్ అడిగింది, బస్సెక్కింది. తాళంచెవులు తీసుకున్నట్టు తీసుకుంది. చదువుకున్న పిల్ల, ఐస్‌లో పెట్టి మరీ తెచ్చింది, పిల్లలకు ఐస్‌క్రీం తెచ్చినట్టు. మహబూబ్‌నగర్ దాటాక బస్సులో ఎవరో వేరుసెనక్కాయలు ఒలిచి పొట్టు ఆమె కాళ్ల దగ్గర పోశారు. ఆ పొట్టు వంకే చూస్తూ కృష్ణ బ్రిడ్జి దాకా వచ్చింది. బ్రిడ్జి మీద నుంచి థర్మల్ ప్లాంట్ పొగగొట్టాలు కనిపించినప్పుడు ఇంటికి వచ్చామన్న సంతోషం ఎప్పుడూ కలిగేది. ఈసారి గొట్టాలు గొట్టాల్లాగే ఉన్నాయి.

పురుగుల మందు అనే మాట పుట్టించింది అన్నే. స్ఫూర్తి పరిశోధనలో చేరిన కొత్తలో ఇంటికొచ్చి, తేనెపట్టు మైనం తిని బతికే తెల్లపురుగు ఒకటి ఉంటుంది, దాన్ని పెంచుతున్నాం అంటే వదిన చెవులు మూసుకుంది. అన్న మాత్రం తిండి మానేసి విన్నాడు. ఆ పురుగుకు మనలాగా ఒకసారి వచ్చిన జబ్బును గుర్తుపెట్టుకునే రక్షణ లేదన్నా, మురికిలోనే పుడుతుంది, మురికిలోనే తింటుంది, అయినా చీడపట్టదు, ఎందుకంటే దాని నెత్తురులో చిన్న చిన్న గొలుసుల్లాంటివి తయారవుతాయి, పెప్టైడ్లు అంటారు, అవి సూక్ష్మజీవి గోడకు బొక్క పెట్టి చంపుతాయి. మేం సూదిమొనకు సూక్ష్మజీవులను అద్ది పురుగును పొడుస్తాం, మర్నాటికి దాని నెత్తురు నిండా ఆ పెప్టైడ్లే. అవి సూక్ష్మజీవులను చంపడం ఒక ఎత్తయితే, ఆ చచ్చినవాటి విషం తగిలి మన నెత్తురులోని కణాలు వెర్రెత్తి మన ఒంటినే కాల్చకుండా నెమ్మది చేయడం ఇంకో ఎత్తు. ఆ రెండోది చూడ్డమే నా పని. అన్న నోట్లో ముద్ద పెట్టుకుని, "అరె వాహ్, అంటే పోలీసోడూ, పంచాయితీ పెద్దా రెండూ అదే అన్నట్టు" అన్నాడు. అంత బాగా ఆమె గైడు కూడా చెప్పలేదు. ఆ తర్వాత నుంచి అన్న ప్లాంట్ కాలనీ వాటర్ ట్యాంకు కింద తేనెపట్లు కొట్టేవాళ్లను పట్టుకుని, పాత పట్లు గోనెసంచీలో కట్టించి స్కూటర్ డిక్కీలో పెట్టుకుని హైదరాబాద్ బస్సుకు వేసేవాడు. డిక్కీ నిండా చీమలు. వదిన తిట్టేది. పట్లు వద్దన్నా, ల్యాబ్‌లో గోధుమ తవుడూ తేనే కలిపి పెడతాం అని చెబితే, "మన ఊరి మైనం తింటే గట్టి పురుగులు అయితయి, నీకేం తెల్సు" అనేవాడు. చాలా గట్టి పురుగులే అయ్యాయి. ఆ మాట అన్నకు చెప్పిందో లేదో గుర్తులేదు.

అయితే గంజ్‌లో, ధాన్యం మార్కెట్‌లో, పుట్టి పెరిగిన ఇల్లు కదా. తాత నాటి నుంచి ధాన్యం వ్యాపారం. గంజ్‌లో లారీడు మాల్ ఎవరూ విప్పి చూడరు, బస్తాలోకి బొంబు అనే బోలు ఇనుప గొట్టం గుచ్చి గుప్పెడు గింజలు తీసి అరచేతిలో పోసుకుంటారు, నోట్లో వేసుకుని కొరుకుతారు, ధర చెప్పేస్తారు. సాంపిల్ బాగుంటే మాల్ బాగున్నట్టే. ఆ లెక్కలో ఇంటి ఆడపిల్ల గాజుపళ్లెంలో కణాల మీద నాలుగు చుక్కలు వేసి అవి నెమ్మదించాయి అంటే మందు తయారైపోయినట్టే. స్ఫూర్తి ప్రతిసారీ, ఇది పళ్లెంలోనే, మనిషి దాకా రావడానికి చాలా ఉంది, అనేది. ఆ మాటను ఇంట్లో అందరూ అణకువ కింద జమ వేసుకున్నారు. మన పిల్ల గొప్పలు చెప్పుకోదు, అన్నారు. అన్న థర్మల్ ప్లాంట్ బూడిదతో ఇటుకలు చేసే బట్టీ పెట్టాక లారీ డ్రైవర్లకు కూడా చెప్పేవాడట, మా చెల్లె పురుగులకెళ్లి మందు తీస్తది, రేపు దునియా అంతా అదే.

బూడిద. వరండా చివర గోడకు ఆనుకుని నేల మీద మేనత్త తులసమ్మ కూర్చుని ఉంది. కుర్చీలు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, వీళ్ల దగ్గరికీ రాలేదు. పొద్దున స్ఫూర్తి బస్సు దిగి రాగానే అత్తే ఎదురొచ్చింది, వచ్చిందే గాని నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. "నేనే తల్లీ, నేనే పూసిన. బూడిది పూసిన" అంది. దేవసూగూరులో అత్త ఇల్లు, ప్లాంటుకు కూతవేటు దూరం. అన్న బట్టీ నుంచి మధ్యాహ్నం అన్నానికి అక్కడికే పోతాడు. ఈమధ్యే ఒక రోజు బట్టీలో ఇటుక అచ్చు జారి పిక్క మీద చర్మం లేచిపోయింది. ఇంట్లో ఎవరికి దెబ్బ తగిలినా అత్తది ఒకటే వైద్యం, పొయ్యిలోంచి తెల్లటి పిడకల బూడిద తీసి అద్దడం. చిన్నప్పుడు స్ఫూర్తి మోకాళ్లకు ఎన్నిసార్లు అద్దలేదు! మంట చల్లారేది, పెచ్చు కట్టేది, మానేది. కానీ గ్యాస్ వచ్చి ఎన్నేళ్లయింది, పొయ్యి ఎక్కడిది? పెరట్లో గిన్నెలు తోమడానికి అన్న తెచ్చి పడేసిన సంచీ ఉంది. ప్లాంటు బూడిద, పౌడర్‌లా మెత్తగా ఉంటుంది, గిన్నెలు అద్దంలా మెరుస్తాయి, ఆ వీధిలో అందరూ దాంతోనే తోముతారు. అందులోంచి గుప్పెడు తీసింది. "బొగ్గు బూడిది అయితేంది, పిడకల బూడిది అయితేంది, నిప్పుల కాలినదే గద అనుకున్న తల్లీ. అంతకంటే శుద్ధమైంది ఏముంటది?" అని అడిగింది అత్త. బూడిద పూసి గుడ్డ కట్టి పంపింది. అన్నకు షుగర్ ఉంది. నొప్పి తెలియలేదు. తెలియలేదు కాబట్టి గుడ్డ విప్పలేదు. విప్పేసరికి పిక్క నల్లబడింది.

ఆ బూడిద వల్లే అని ఎవరు చెప్పగలరు? అచ్చు తుప్పు కావచ్చు, బట్టీ నీళ్లు కావచ్చు, షుగరే కావచ్చు. స్ఫూర్తి ఆ మాట అత్తకు చెప్పాలనుకుంది. నీ తప్పు కాదత్తా అని ఒక్క మాట. మాట నోట్లో తయారైంది కూడా. కాని దాన్ని బయటికి తోసేందుకు కావలసింది ఏదో లోపల లేదు. అత్త ఎదురుచూసి, చూసి, పోయి గోడ పక్కన కూర్చుంది.

పైన ఫ్యాను ఆగిపోయింది. పక్కనే ఇంత కరెంటు తయారయ్యే ఊరికి మధ్యాహ్నం మూడు గంటలకు కరెంటు ఉండదు. కింద జనరేటర్ దగ్గి దగ్గి అందుకుంది. కిటికీలోంచి మిరపకాయ బజ్జీల నూనె వాసన వస్తోంది, ఎవడో మరమరాలు అమ్ముతూ మండక్కి మండక్కి అని అరుస్తున్నాడు. ఆకలి వేస్తోందా లేదా అని స్ఫూర్తి తనను తానే అడిగి చూసుకుంది, ఏదీ తెలియలేదు. ల్యాబ్‌లో ఇలాంటిదే చూసింది. గులాబీ రంగు నీళ్లలో పెంచిన మాక్రోఫేజ్ కణాలు, సూక్ష్మజీవులను మింగే కణాలు, వాటికి మొదట కొంచెం విషం తగిలించి వదిలేస్తే, మర్నాడు దానికి ఎన్నో రెట్లు పోసినా అవి కిమ్మనవు. చచ్చిపోయినవి కావు. పళ్లానికి అంటుకుని, కాళ్లు చాచుకుని, బతికే ఉంటాయి. విషం వచ్చింది అని వాటికి తెలుసు. అరవవు, అంతే. మొదటిసారి చూసినప్పుడు ప్రయోగం చెడిపోయిందనుకుని పళ్లెం పారబోయబోయింది. నిన్న ఫోన్‌లో కాలు నల్లగైంది అన్న మాటే ఆ మొదటి చుక్క అయి ఉంటుంది. ఇప్పుడు ఎంత పోసినా ఇంతే. అన్న చచ్చిపోతే కూడా ఇలాగే కూర్చుంటానా అనుకుంది. ఆ ప్రశ్న కొంచెం భయపెట్టింది. కొంచెమే.

పొద్దున స్ఫూర్తిని ఐసీయూలోకి పంపినప్పుడు అన్న మెలకువగానే ఉన్నాడు. పెదవులు పొలుసులు కట్టాయి, కళ్లు మెరుస్తున్నాయి, ఊపిరి ఇంటి మెట్లు పరుగెత్తి ఎక్కినవాడిలా తీస్తున్నాడు. ఇది సూక్ష్మజీవి చేసింది సగమే, మిగతా సగం నీ కణాలే నిన్ను చేస్తున్నాయి అన్నా, అనుకుంది ఆమె, మానిటర్ వంక చూస్తూ. అన్న ఆమె వేళ్లు పట్టుకున్నాడు. "చెల్లె, కాలు తియ్యనియ్యకు. ఒంటికాలి సేటు అంటరు నన్ను గంజ్‌ల. నీ మందు ఉన్నది గద, ఫికర్ లే" అన్నాడు. నవ్వాడు కూడా. నవ్వుకు బదులు నవ్వాలి అని గుర్తొచ్చి నవ్వింది. నర్సు చాలు చాలు అంది. మళ్లీ వెళ్లేసరికి ఎవరినీ గుర్తుపట్టడం లేదు, లారీ వెనక్కి తీయమని ఎవడినో కేకలేస్తున్నాడు.

"సుమ్నె, ఉలుకుపలుకు లేకుండ కూసున్నవేంది?" అంది వదిన. ఈసారి మొహం వంక చూసే అంది. "గంట అయిపోవట్టె. డాక్టర్‌కు చెప్తవా లేదా? పిల్వనా నేను?"

"ఏం చెప్పాలి వదినా?"

"మందు తెచ్చినవని. సూది నువ్వే వేస్తవా, ఆయనతోని వేపిస్తవా? మీ అన్న కాలు వద్దన్నడు. నా మీద ఒట్టు పెట్టిండు. రేపు లేచి, నా కాలు ఏదే అంటే నేనేం చెప్పాలె?" వదిన సంచీ మూతి పట్టి తెరిచింది. "గింత చదివినవ్. సాంపిల్ బాగొచ్చింది అన్నవ్ గద పోయిన పండగకు."

అవును, అన్నది. బాగొచ్చింది. ఎలుకల్లో కూడా చూశాం అని చెప్పింది కూడా. స్ఫూర్తి థర్మాస్ మూత మీద వేలు పెట్టి తిప్పుతోంది. ఇది వేయించవచ్చు. సర్జన్ ఒప్పుకోడు, ఒప్పుకోకపోతే లోపల ఎవరూ చూడనప్పుడు సెలైన్ గొట్టంలోకి ఎక్కించవచ్చు. చేతులకు ఆ పని తెలుసు. ఎక్కువ మోతాదులో అది ఎర్ర కణాలను కూడా పగలగొడుతుంది, తక్కువైతే ఏమీ చేయదు, మనిషికి ఏది ఎక్కువో ఏది తక్కువో ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. అయినా వేస్తే వదిన నమ్ముతుంది, అన్న నమ్ముతాడు, ఆపరేషన్ వద్దంటారు, ఈ రాత్రి గడుస్తుంది. రేపు? అన్న పంపిన మైనానికి బదులుగా ఆ పురుగులు ఏం ఇచ్చాయి? అక్కడ ఆలోచన ఆగిపోయింది, చేయి మాత్రం మూత తిప్పుతూనే ఉంది.

"ఎల్కలకు ఇచ్చినవ్ గద?" వదిన వదలలేదు. "అవి బతికినయా లేదా, గదొక్కటి చెప్పు."

స్ఫూర్తి మూత తిప్పడం ఆపింది. "ముందే ఇచ్చినవి బతికినయ్ వదినా."

"ముందే అంటే?"

"విషం ఎక్కించకముందే మందు ఇచ్చినవి. రెండూ ఒక్కసారి ఇచ్చినవాటిల సగం బతికినయ్."

కింద జనరేటర్ మోగుతూనే ఉంది. వదిన గంజ్ కోడలు, బేరం ఎక్కడ తెగుతుందో తెలిసిన మనిషి. అయినా అడిగింది. "విషం ఎక్కినంక ఇచ్చినవి?"

"ఒక్కటి బతకలే."

ఎన్నో సభల్లో, తెర మీద బొమ్మలు చూపిస్తూ, ఇదే మాటను ఆమె ఇంగ్లీషులో చెప్పింది, కింద కూర్చున్నవాళ్లు రాసుకున్నారు. ఇంటి భాషలో చెప్పడం ఇదే మొదటిసారి. చెప్పాక లేచి వాష్‌బేసిన్ దగ్గరికి వెళ్లింది. గొట్టం మూత తీసి వంచింది. చెంచాడు కూడా లేదు. కుళాయి తిప్పితే వేడినీళ్లు వచ్చాయి, ఎండకు కాగిన ట్యాంకు నీళ్లు, దాన్ని ఈడ్చుకుపోయాయి. తిరిగి చూస్తే వదిన వెనకే నిలబడి ఉంది. కొడుతుందేమో అనుకుంది. కొట్టలేదు.

"మరి ఎందుకు తెచ్చినవే?" అంది వదిన.

"నువ్వు తెమ్మన్నవ్."

వదిన కొంగుతో కళ్లు అద్దుకుంది, నర్సును పిలిచింది, నర్సు చూపించిన చోటల్లా శ్రీనిధి, శ్రీనిధి అని సంతకాలు పెట్టింది. మత్తు డాక్టరు చెమటలు కక్కుతూ మెట్లెక్కి వచ్చి, ఎవరినీ చూడకుండా లోపలికి పోయాడు. తలుపు మూసుకుంది. అప్పుడు అత్త మొదటిసారిగా లేచి వచ్చి, ఆయా బసవమ్మను పక్కకు పిలిచి, కన్నడంలో ఏదో బతిమాలింది. తీసిన కాలు ఇంటివాళ్లకు ఇప్పించమని. కాలైనా సరే, ఇంటి మనిషి ఒళ్లు కుప్పలో పడకూడదు, మా వాళ్లు పడుకున్న నేలలోనే పడుకోవాలి, అని. అడిగినవాళ్లకు ఇస్తారమ్మా, సరేలే, అంది బసవమ్మ. అత్త మళ్లీ పోయి గోడ పక్కన కూర్చుంది.

కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. లోపల పని ఎంతసేపు జరిగిందో స్ఫూర్తి చూడలేదు. ఎదుటి గోడ మీద సున్నం పెచ్చు ఊడినచోట ఒక మేకను పోలిన మరక ఉంది, దాని కొమ్ములు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తున్నాయో చూస్తూ కూర్చుంది. సర్జన్ బయటికి వచ్చి మాస్కు దించి, అయింది, బీపీ నిలబడింది, రాత్రి గడవనీయండి అన్నాడు. వదిన ఆయన వెంట లోపలికి పరుగెత్తింది. స్ఫూర్తి తల ఊపింది. బీపీ నిలబడింది, మంచి గుర్తు, అనుకుంది. అంతే అనుకుంది.

బసవమ్మ తలుపు తోసుకుని వచ్చింది. రెండు చేతుల మీద ఆకుపచ్చ గుడ్డలో చుట్టిన మూట, పసిపిల్లను ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చింది. "ప్రహ్లాద్ సేట్ మనుషులు ఎవరమ్మా? పట్టుకోరి" అంది. అత్త లేవబోయి, మోకాళ్లు సహకరించక, గోడ పట్టుకుని ఉండిపోయింది. ఇంకెవరూ లేరు. స్ఫూర్తి లేచి రెండు చేతులూ చాపింది.

బరువు. అనుకున్న దానికంటే చాలా బరువు. గుడ్డలోంచి మడమ ఎముక అరచేతిలోకి దిగింది. ఇంకా వెచ్చగా ఉంది. మామూలు వెచ్చదనం కాదు, జ్వరం వచ్చిన మనిషి నుదురు ఎలా ఉంటుందో అలా, గుడ్డ మడతలన్నీ దాటి వస్తోంది. ఇన్నేళ్లూ ఆమె కొలిచింది ఈ మంటనే. పళ్లేల్లో, అంకెల్లో, తెర మీద గీతల్లో ఎంత పెరిగింది ఎంత తగ్గింది అని చూసింది గాని, ఒక్కసారైనా చేత్తో ముట్టుకోలేదు. మనిషి నుంచి తీసేశాక కూడా ఆ సంగతి తెలియక ఇంకా కాలుతూనే ఉంది, ఎవరిని కాపాడదామనో. ఇది అన్న కాలు. ఈ కాలితోనే కదా స్కూటర్ కిక్కు కొట్టి, చీమలు కుడుతున్నా దులుపుకోకుండా పట్లు బస్సుకు వేయడానికి పోయేవాడు. స్ఫూర్తి నోరు తెరిచింది. మొదట గాలి మాత్రమే వచ్చింది, ఆ తర్వాత, వరండాలో అందరూ తిరిగి చూసేటట్టు, గొంతు పగిలి వచ్చింది.

"అత్తా, కాలుతున్నదే అత్తా! ఇంక కాలుతనే ఉన్నది!"

తులసమ్మ గోడ వదిలేసింది. కుంటుకుంటూ వచ్చి, పాదం ఉన్న వైపు తన చేతుల్లోకి తీసుకుంది.